తాతని గుర్తుపెట్టుకోవాలంటే ముందు ఆయన రంగు చిప్పలు దాచండి

మా తాత ఆంధ్ర సరిహద్దుని ఆనుకుని ఒడిశాలో ఉన్న పర్లాకిమిడిలో బోర్డులు రాసేవాడు. కిరాణా కొట్టు, మందుల షాపు, బడి గేటు, గుడి గోడ, లారీ వెనక పలక, ఎవరు ఏది అడిగినా తెలుగు, ఒడియా, ఇంగ్లీషు మూడు లిపుల్లోనూ రాసేవాడు. రాత్రి భోజనం అయ్యాక అరుగు మీద లైటు కింద కూర్చుని గంజపా ముక్కలకి బొమ్మలు వేసేవాడు. గంజపా అంటే గుండ్రటి పేకముక్కలు, కుర్రతనంలో ఒడియా చిత్రకారుల దగ్గర నేర్చుకున్న పని అది. ఆయన పోయి రెండేళ్ళు దాటింది. ఈ రెండేళ్ళూ నేనూ మా అక్కా (పెదనాన్న కూతురు) కలిసి ఆయన బతుకుని ఒక చోటికి చేర్చే పనిలో ఉన్నాం. కొన్ని సరిగ్గా చేశాం, కొన్ని చేజార్చుకున్నాం. మాకు చేజారినవి ఇంకొకరింట్లో చేజారకూడదని ఇది రాస్తున్నాను. మీ తాత చిత్రకారుడే అవ్వక్కర్లేదు, కొమ్ముతో బొమ్మలు చెక్కే పని చేసినా, మగ్గం నేసినా, మద్దెల వాయించినా దారి ఇంచుమించు ఇదే.

అన్నిటికంటే ముందు చెయ్యాల్సింది ఒకటుంది. ఇల్లు సర్దనివ్వకండి.

పెద్దకర్మ అయిపోయి చుట్టాలు వెళ్ళిపోయాక ఇంట్లో ఎవరో ఒకరు చీపురు పట్టుకుంటారు. బాధలో ఉన్న మనిషికి చేతికేదో పని కావాలి, తప్పు పట్టలేం. బట్టలూ పరుపూ ఇచ్చేస్తారు, అది ఆచారం, ఇవ్వనివ్వండి. ఆయన పని సామాను మీద మాత్రం ఎవరి చెయ్యీ పడకుండా చూడండి. మా ఇంట్లో పాత ఇనుము కొనేవాడికి వెళ్ళిపోయిన వాటిలో ఒక రేకు పెట్టె ఉంది, అందులో తాత చిల్లుల కాగితాలు ఉండేవి. బొమ్మ గీసి, గీత వెంబడే సూదితో దగ్గర దగ్గరగా చిల్లులు పొడిచి, ఆ కాగితాన్ని గోడకి ఆనించి, బొగ్గు పొడి కట్టిన గుడ్డ మూటతో తడితే బొమ్మ గోడ మీద చుక్కలు చుక్కలుగా దిగుతుంది. గణపతి, లక్ష్మి, ఆవూ దూడా, అన్నీ నలభై ఏళ్ళు వాడిన కాగితాలు. తెలియని కళ్ళకి అవి మసి పట్టిన చిత్తు కాగితాలు. పెట్టె రేకు ధరకి పోయింది, కాగితాలు ఏ చెత్తలో కలిసిపోయాయో కూడా తెలీదు. ఇప్పటికీ ఆ మాట తలుచుకుంటే కడుపులో తిప్పుతుంది.

అందుకని ఏది ఉంచాలి ఏది పారెయ్యాలి అన్న తీర్పు మొదటి రెండు మూడు నెలల్లో చెయ్యొద్దు. కుంచెలు (వెంట్రుకలు రాలిపోయినవి కూడా), రంగు చిప్పలు, గీత కొట్టే సుద్ద దారం, స్కేలు బద్ద, చెయ్యి వణక్కుండా కింద ఆనించుకునే కర్ర, కళ్ళజోడు, లెక్కల పుస్తకం, ఆయన పక్కన ఏదో రాసుకున్న పాత క్యాలెండర్లు, అన్నీ గుడ్డ సంచుల్లో వేసి, తేదీ రాసిన కాగితం కట్టి ఒక పక్కన పెట్టేయండి. అలా పెట్టే ముందు ఆయన కూర్చునే చోటుని ఉన్నది ఉన్నట్టు ఫోటోలు తియ్యండి, ఏమీ కదపకుండా. మా అరుగు స్తంభానికి ఒక వైపు, కూర్చున్న మనిషి చెయ్యి అందే ఎత్తులో రంగురంగుల గీతలు ఉండేవి. కుంచె మొన కుదిరిందో లేదో చూసుకోవడానికి తాత అక్కడ ఒక గీత గీసేవాడు, అలా ఏళ్ళ తరబడి వందల గీతలు. మరుసటి సంక్రాంతికి సున్నం వేసేశారు. మా అక్క ముందే ఫోటో తీసింది కాబట్టి ఆ స్తంభం మాకు మిగిలింది.

తరవాత మనుషులు

వయసులో అందరికంటే పెద్దవాళ్ళతో మొదలుపెట్టండి. చుట్టరికం దగ్గరదా దూరమా చూడొద్దు. మా లిస్టులో మొదట నాయనమ్మ, తరవాత తాత గోడలు రాస్తుంటే కింద నిచ్చెన పట్టుకున్న ఒక పెద్దాయన, ఆ తరవాత తాత ఎప్పుడూ టీ తాగే కొట్టు యజమాని. ఆ నిచ్చెన పట్టుకున్నాయన్ని పండగ వెళ్ళాక కలుద్దాంలే అని ఒకసారి వాయిదా వేశాం, రెండోసారి వాయిదా వెయ్యలేదు, అదృష్టం, ఎందుకంటే మేం వెళ్ళొచ్చిన కొన్ని నెలలకే ఆయన మాట పడిపోయింది.

అడిగే పద్ధతి దగ్గర చాలామంది పొరబడతారు, నేనూ పొరబడ్డాను. మొదటి రోజు "తాత గురించి చెప్పు నాయనమ్మా" అన్నాను. "ఏం చెప్పను, దేవుడులాంటి మనిషి, ఒకరి జోలికి వెళ్ళి ఎరగడు" అని కళ్ళు తుడుచుకుంది. రెండు నిమిషాల్లో అయిపోయింది. మర్నాడు నేనేమీ అడగలేదు. సంచిలోంచి ఒక కొబ్బరి చిప్ప తీసి ఆవిడ చేతిలో పెట్టాను. లోపల జేగురు రంగు ఎండిపోయి, వేసవిలో చెరువు అడుగు మట్టిలా పెచ్చులు పెచ్చులుగా ఉంది. నాయనమ్మ బొటనవేలితో చిప్ప అంచు చుట్టూ ఒకసారి రాసి, "దీన్ని కడగనిచ్చేవాడు కాదు" అంది. "పెళ్ళయిన కొత్తలో నాకేం తెలుసు, గిన్నెలతో పాటు బూడిదేసి తోమేశాను. కోప్పడలేదు. మధ్యాహ్నం అన్నానికి లేవకుండా కూర్చుని మళ్ళీ రాయి మీద నూరుకున్నాడు. ఎండిన రంగు మీద నాలుగు చుక్కలు నీళ్ళు చల్లితే మళ్ళీ లేస్తుందట." అక్కణ్ణుంచి యాభై నిమిషాలు ఆపకుండా మాట్లాడింది. వెలగ బంక ఏ ఊరి సంత నుంచి తెచ్చేవాడు, చింతపిక్కల జిగురు ఉడికే వాసనకి కడుపుతో ఉన్నప్పుడు తనకి ఎలా వాంతులయ్యేవి, తన పాత నేత చీరలు అడిగి తీసుకుని గంజపాకి అట్టలు కట్టేవాడని, "నా పెళ్ళినాటి చీర మీద ఎవరో పేకాడుకుని ఉంటారు" అని నవ్వింది కూడా.

కాబట్టి వస్తువు చేతికివ్వండి, చిన్న ప్రశ్న అడగండి. పొద్దున్న లేచి మొదట ఏం చేసేవాడు? పనికి వెళ్ళేటప్పుడు ఏ జేబులో ఏం పెట్టుకునేవాడు? అక్షరం తప్పు పడితే ఏం చేసేవాడు, తుడిచేవాడా, దాని మీదే దిద్దేవాడా? డబ్బులు ఎగ్గొట్టినవాళ్ళతో ఎలా మాట్లాడేవాడు? ఏ రంగంటే చిరాకు? ఇలాంటివి. ప్రశ్న అడిగాక నోరు మూసుకుని కూర్చోవడం కష్టం, కానీ ముసలివాళ్ళు ఆగి ఆగి చెప్తారు, ఆ ఖాళీలో మనం దూరిపోతే రావాల్సిన మాట రాదు. గంట దాటొద్దు, అలసిపోతారు. మళ్ళీ రండి.

రికార్డింగుకి పెద్ద సామాను అక్కర్లేదు, ఫోన్‌లో ఉన్న వాయిస్ రికార్డర్ చాలు. ఫ్యాన్ ఆపండి, ఆపలేకపోతే వేగం తగ్గించండి. ఫోన్‌ని ఫ్లైట్ మోడ్‌లో పెట్టి, మాట్లాడే మనిషికి జానెడు రెండు జానల దూరంలో మడత పెట్టిన తువ్వాలు మీద పెట్టండి, బల్ల మీద నేరుగా పెడితే చెయ్యి తగిలిన ప్రతిసారీ ఢమ్ అంటుంది. మొదట్లోనే తేదీ, ఊరు, ఎవరు మాట్లాడుతున్నారో మీ గొంతుతో చెప్పండి. రికార్డు చేస్తున్నామని వాళ్ళకి చెప్పి, సరేనన్నాకే నొక్కండి.

ఎవరి భాషలో వాళ్ళని మాట్లాడనివ్వండి. తాతకి గంజపా నేర్పిన వాళ్ళింటి పెద్దావిడ ఒడియాలోనే చెప్పింది, మేం ఒడియాలోనే ఉంచాం. మన ఇళ్ళలో తెలుగు కూడా సగం ఒడియా కలుపుకుని నడుస్తుంది, రాసేటప్పుడు దాన్ని శుభ్రం చేసి పుస్తకాల తెలుగులోకి దించెయ్యాలని చెయ్యి లాగుతుంది. ఆ పని చెయ్యకండి. పలికింది పలికినట్టు రాయమని జీవితమంతా పోరాడిన గిడుగు రామమూర్తి గారు పాఠాలు చెప్పింది ఈ పర్లాకిమిడిలోనే, సవర గిరిజనుల భాష కోసం కష్టపడిందీ ఇక్కడి నుంచే. ఆయన నడిచిన వీధుల్లో ఉంటూ మా నాయనమ్మ మాటని నేను సరిదిద్దుతానా.

తేదీలు దొరక్కపోతే

తాత పుట్టిన తేదీ బడి సర్టిఫికెట్‌లో 1941 అని ఉంది. ముత్తమ్మ (తాత వాళ్ళమ్మ) మాత్రం మన ఊరు ఒడిశాలో కలిసిన రెండో ఏడు పుట్టాడని చెప్పేదట. 1936 ఏప్రిల్ 1న ఒడిశా విడిగా ఏర్పడినప్పుడు పర్లాకిమిడి ఇటు వచ్చింది, కూతవేటు దూరంలో ఉన్న పాతపట్నం మద్రాసు వైపే (ఇప్పటి ఆంధ్ర వైపు) ఉండిపోయింది. అంటే 1938 దరిదాపు. నేను ముత్తమ్మ మాటనే నమ్ముతాను, బళ్ళో వేసేటప్పుడు వయసు అంచనాకి రాయించడం ఆ రోజుల్లో మామూలే. కానీ కాగితం మీద రెండూ రాసి, ఏది ఎవరు చెప్పారో పక్కన పెట్టాను. మీరూ అలాగే చెయ్యండి, ఒకటి కొట్టేస్తే తరవాత వెతికేవాళ్ళకి దారి పోతుంది.

పెద్దవాళ్ళని "ఏ సంవత్సరం?" అని అడిగితే టెన్షన్ పడి నోటికొచ్చిన అంకె చెప్తారు. అందరూ మర్చిపోలేని సంగతులు పట్టుకుని ముందా తరవాతా అని అడగండి. మా వైపు గడియారాలు ఇవి. నౌపడా నుంచి గుణుపురం వెళ్ళే చిన్న రైలు 2004లో ఆగిపోయింది, 2011లో పెద్ద లైను వచ్చింది. 1992 అక్టోబరు 2న గజపతి జిల్లా గంజాం నుంచి విడిపోయింది. 1999 అక్టోబరులో గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటిన తుపాను, దాని వెనకే పన్నెండు రోజులకి పారాదీప్ వైపు వచ్చిన మహా తుపాను. 2013 అక్టోబరు 12న ఫైలిన్, 2018 అక్టోబరు 11న తిత్లీ. "మన వంటిల్లు పడిపోయిన తుపానుకి తాత బోర్డులు మానేశాడా, ఇంకా రాస్తున్నాడా?" అంటే నాయనమ్మ ఠక్కున చెప్పింది.

పేరు సంగతి కూడా ఇక్కడే తేల్చుకోండి. సరిహద్దులో బతికిన మనిషికి ఒక్క పేరు ఉండదు. రేషన్ కార్డు మీద ఒడియా ఉచ్చారణతో ఒకలా, బ్యాంకు పుస్తకంలో ఇంకోలా, పాతపట్నం గుడి చందాల బండ మీద ఇంటిపేరు ముందొచ్చి మరోలా. అన్ని రకాలూ, ఎక్కడ ఎలా ఉందో, ఒకే కాగితం మీద రాసి పెట్టండి. రేపు మనవడి కొడుకు వెతికితే ఏదో ఒక రూపంలో దొరుకుతాడు.

వీధుల్లో మిగిలిన చేతిరాత

ఇది నాకు అన్నిటికంటే ఇష్టమైన పని, దీనికి వారం కేటాయించండి. ఫ్లెక్సీలు వచ్చాక పాత రేకు బోర్డుల్ని కొన్ని చోట్ల పీకేశారు, కొన్ని చోట్ల దాని మీదే ఫ్లెక్సీ కొట్టేశారు, ఇంకొన్ని షాపు వెనక గోదాంలో వాన నీళ్ళు అడ్డుకుంటున్నాయి. షాపు వాళ్ళని మర్యాదగా అడిగితే చూపిస్తారు. మేం పర్లాకిమిడిలో ఇరవై ఆరు, పాతపట్నంలో తొమ్మిది పట్టుకున్నాం. ఒక బియ్యం కొట్టాయన బోర్డు దింపించి, గుడ్డతో దుమ్ము దులిపి, "తీసుకెళ్ళిపోతావా?" అన్నాడు, డబ్బులడగలేదు.

కింద సంతకం లేకపోయినా ఎవరి చెయ్యో గుర్తుపట్టొచ్చు, కొన్నాళ్ళు చూస్తే మీకే అలవాటవుతుంది. మా తాత తెలుగు అక్షరానికి తలకట్టు పెట్టే తీరు వేరు. మామూలుగా తలకట్టు టిక్కు పెట్టినట్టు కోసుగా ఉంటుంది కదా, ఆయన చేతిలో అది కొంచెం వంగి గొడుగులా ఉంటుంది. ఒడియా అక్షరాల నెత్తిన ఉండే గుండ్రటి వంపు ఏళ్ళ తరబడి రాసీ రాసీ చేతికి పట్టేసింది, తెలుగులోకి కూడా వచ్చేసింది. అక్షరం నీడ ఎప్పుడూ ఎడమకి కిందికి పడుతుంది, కుడికి వేసిన బోర్డు ఒక్కటి కూడా కనపడలేదు. ఈ రెండు గుర్తులూ పట్టుకున్నాక వీధిలో నడుస్తుంటే ఆయన పిలుస్తున్నట్టే ఉండేది నాకు.

బోర్డు ఏ కాలానిదో బోర్డే చెప్తుంది. అడ్రసులో గంజాం జిల్లా అని ఉంటే 1992కి ముందుది. పిన్ కోడ్ ఉంటే 1972 ఆగస్టు తరవాతది, ఎందుకంటే దేశంలో పిన్ కోడ్ మొదలైందే అప్పుడు. ఇంగ్లీషులో ఒరిస్సా అని ఉంటే ఎక్కువగా 2011కి ముందుది, ఆ ఏడు నవంబరులో అధికారికంగా ఒడిశా అయింది, అయినా పాత అలవాటున రాయించుకున్నవాళ్ళు ఉంటారు కాబట్టి దీన్ని ఒక్కదాన్నే నమ్మొద్దు. పదంకెల సెల్ నంబరు తరవాత ఎవరైనా చేర్చి ఉండొచ్చు, రంగు తేడా చూడండి. ఏ లిపి పైన ఉందో కూడా గమనించండి, మా తాత బోర్డుల్లో ఇటు వైపు ఒడియా పైన, పాతపట్నం వైపు తెలుగు పైన.

ఫోటో పొద్దున్న ఎండ ముదరక ముందు, బోర్డుకి సూటిగా ఎదురుగా నిలబడి తియ్యండి. ఒకటి బోర్డు మొత్తం, ఒకటి అక్షరాల దగ్గరగా, ఒకటి వీధితో సహా. ఆ మూడోది చాలామంది వదిలేస్తారు, ఇంకో పదేళ్ళకి ఆ వీధే మారిపోతుంది. షాపు యజమాని ఒప్పుకుంటే బోర్డు పక్కన నిలబెట్టి తియ్యండి, ఎంతకి రాశాడో, బేరం ఎలా జరిగిందో అక్కడే రికార్డు చేసుకోండి.

బొమ్మల జోలికి తడి గుడ్డ రానివ్వకండి

గంజపా ఎలా తయారవుతుందో తెలిస్తే ఎందుకంటున్నానో అర్థమవుతుంది. పాత నూలు గుడ్డ పొరల్ని చింతపిక్కల జిగురుతో అంటించి, పైన సుద్దపొడి జిగురు కలిపి పూసి, ఆరాక రాయితో నునుపు చేసి, గుండ్రంగా కత్తిరించి, అప్పుడు రంగు వేస్తారు. శంఖం పొడి తెలుపు, దీపం మసి నలుపు, ఇంగిలీకం ఎరుపు, హరిదళం పసుపు, నీలిమందు, జేగురు. రంగు పట్టుకుని ఉండేది చెట్టు బంకతోనే. చివర్లో లక్క పూస్తే గట్టిపడుతుంది. లక్క పూయకపోతే చుక్క నీళ్ళకి కదిలిపోతుంది.

తాత ఆఖరుగా వేసిన సెట్టుకి లక్క పూయలేదు, కళ్ళలో శుక్లాలు వచ్చి ఆపేశాడు. దీపావళికి ఇల్లు దులుపుతూ మా చిన్నమ్మ, మంచి మనసుతోనే, పైనున్న ముక్కని తడి గుడ్డతో తుడిచింది. మత్స్యావతారం రాజు ముఖం గుడ్డకి వచ్చేసింది. ఆవిడ ఆ రోజంతా ఏడ్చింది. మేం ఆ ముక్కని అలాగే ఉంచాం, ఎవరి చేతా దిద్దించలేదు. దిద్దిస్తే అందులో తాత చెయ్యి ఇంకా తగ్గుతుంది, ముఖం లేకపోయినా కిరీటం అంచు చుక్కలు ఆయనవే ఉన్నాయి.

కాబట్టి దుమ్ముంటే పొడి మెత్తటి కుంచెతో నెమ్మదిగా దులపండి, అంతకు మించి ఏమీ చెయ్యొద్దు. ఎండలో పెట్టొద్దు, లక్క మెత్తబడి ముక్కకి ముక్క అంటుకుంటుంది. ప్లాస్టిక్ కవర్లో చుట్టొద్దు, మన వైపు వానాకాలం చెమ్మకి లోపల బూజు పట్టేస్తుంది. గంజి లేని, ఉతికిన పాత పల్చటి నూలు గుడ్డలో ఒక్కొక్కటి విడివిడిగా చుట్టి, నేలకి గోడకి తగలకుండా ఎత్తులో పెట్టండి. గంజి ఉంటే పురుగు వస్తుంది. చెదల కోసం నెలకోసారి పెట్టె అడుగు చూడండి. వానలు తగ్గాక ఒక పొడి రోజు చూసి నీడలో కాసేపు తెరిచి పెట్టండి. గుడ్డ మీద వేసిన పెద్ద బొమ్మల్ని మడతపెట్టకుండా లావాటి గొట్టానికి చుట్టండి, బొమ్మ బయటి వైపుకి వచ్చేలా.

లెక్క కూడా చూసుకోండి. దశావతార గంజపా అంటే పది అవతారాలు, ఒక్కో అవతారానికి రాజు, మంత్రి, ఒకటి నుంచి పది వరకు అంకెల ముక్కలు, వెరసి 120. అవతారాల వారీగా చాప మీద పరిస్తే ఏవి లేవో వెంటనే కనపడుతుంది. మా సెట్టులో పదకొండు తక్కువ వచ్చాయి, అడగ్గా అడగ్గా నాలుగు మా అత్తయ్య పెట్టెలో దొరికాయి, పెళ్ళై వెళ్ళేటప్పుడు తాత చేతిలో పెట్టాడట.

ఫోటోల గురించి త్వరగా చెప్తాను. ల్యామినేషన్ చెయ్యించొద్దు, ఒకసారి చేస్తే మళ్ళీ విడదీయలేం. వెనక బాల్ పెన్నుతో రాయొద్దు, మెత్తటి పెన్సిల్‌తో అంచున తేలిగ్గా రాయండి. ఫ్రేము అద్దానికి అంటుకుపోయిన ఫోటోని లాగొద్దు, అద్దంతో సహా స్కాన్ చెయ్యండి. స్కానింగు 600 డీపీఐ అని అడగండి. వాట్సాప్‌లో పంపితే ఫోటోలా కాకుండా డాక్యుమెంట్‌లా పంపండి, లేకపోతే వివరం పోతుంది. పటం కట్టించడానికి స్టూడియోలో ఇస్తే "ఉన్నది ఉన్నట్టే పెద్దది చెయ్యండి, ఏదీ చెరపొద్దు" అని గట్టిగా చెప్పండి. మేం ఇచ్చిన ఒక చోట తాత ముఖం తెల్లగా చేసి, కుడి చూపుడువేలు గోరు చుట్టూ ఎప్పుడూ ఉండే నల్ల రంగుని మరక అనుకుని తుడిచేశారు. ఆ వేలు లేకుండా ఆయన మా తాతలా లేడు. పాత కాపీ మా దగ్గర ఉంది కాబట్టి మళ్ళీ చేయించుకున్నాం.

మనవలు విడివిడిగా రాయాలి

ఇప్పటిదాకా చెప్పిందంతా కళాకారుడి సంగతి, తాత సంగతి వేరే ఉంది, అది ఏ బోర్డు మీదా ఉండదు. మేం తొమ్మిది మంది మనవలం, మనవరాళ్ళం. అందరూ కూర్చుని కబుర్లాడితే గట్టిగా మాట్లాడేవాడి జ్ఞాపకం అందరి జ్ఞాపకం అయిపోతుంది. అందుకని మా అక్క ఒక షరతు పెట్టింది, ఒకరితో ఒకరు మాట్లాడుకోకుండా ఎవరికి వాళ్ళు ఒక పేజీ రాసి పంపాలి, తెలుగు రాయడం రానివాళ్ళు ఒడియాలో రాయొచ్చు, అదీ రాకపోతే గొంతు రికార్డు చేసి పంపొచ్చు. మా తరంలో ఇంట్లో తెలుగు మాట్లాడుతూ బడిలో ఒడియా చదివినవాళ్ళే ఎక్కువ, కాబట్టి ఈ వెసులుబాటు పెట్టకపోతే సగం మంది రాయరు.

తొమ్మిది మందిలో ఏడుగురు గడియారం గురించి రాశారు. పని అయ్యాక చిప్పలో మిగిలిన రంగుతో తాత మా మణికట్టు మీద చేతి గడియారం వేసేవాడు, పట్టీ, బకిలు, అంకెలు, ముళ్ళు అన్నీ ఉండేవి, ఆరేదాకా చెయ్యి కదపకుండా ఊపిరి బిగబట్టి కూర్చునేవాళ్ళం. ముళ్ళు ఎన్నింటి మీద ఉండేవి అన్న దగ్గర మాత్రం గొడవ వచ్చింది. నాలుగు గంటలు, బడి వదిలే టైము అని నేను రాశాను, ప్రాణం పెట్టి చెప్తాను నాలుగే. మా తమ్ముడు ఆరున్నర అన్నాడు. విశాఖపట్నంలో ఉన్న బావ పన్నెండు అన్నాడు. ఎవరు తప్పు గుర్తుపెట్టుకున్నారో తేలక, నిచ్చెన పట్టుకున్న పెద్దాయన రికార్డింగ్ మళ్ళీ వింటుంటే ఒక చోట ఆయన మాటల మధ్యలో అన్నాడు, "పిల్లలు వస్తే పని ఆపేసి, నీకు ఎన్ని గంటలు కావాలమ్మా అని ఒక్కొక్కర్ని అడిగి వేసేవాడు, నేను పైన ఎండలో నిలబడి ఉండేవాణ్ణి" అని. మొదటిసారి విన్నప్పుడు ఆ మాట మా చెవిని పడలేదు. అందుకే చెప్తున్నాను, రికార్డింగులు ఒకసారి విని వదిలెయ్యకండి, ఆర్నెల్ల తరవాత మళ్ళీ వినండి.

కష్టమైన సంగతులు కూడా ఉంచండి. ఫ్లెక్సీలు వచ్చిన రెండు మూడేళ్ళలో తాత చేతిలో పని పోయింది, ఆ రోజుల్లో ఆయన ఎవరితోనూ సరిగ్గా మాట్లాడలేదు, అరుగు మీద కూర్చుని వీధిలోకి చూస్తూ ఉండేవాడు. అప్పులు కూడా అయ్యాయి. ఇవి రాయడానికి నాన్న మొదట ఒప్పుకోలేదు. నెల రోజులు మాట్లాడుకున్నాం. అప్పు ఎవరి దగ్గరో పేరు లేకుండా, జరిగింది జరిగినట్టు రాశాం. ఇంట్లో పెద్దవాళ్ళ మాట తీసుకోకుండా ఆన్‌లైన్‌లో మాత్రం ఏదీ పెట్టొద్దు.

రాసేటప్పుడు పుట్టుక దగ్గర మొదలుపెట్టక్కర్లేదు. ఆయన పని చేసే ఒక రోజుతో మొదలుపెట్టండి, పొద్దున్న నుంచి రాత్రి దాకా, మిగతావన్నీ దాని చుట్టూ వచ్చి చేరతాయి. అంతా అయ్యాక మూడు కాపీలు ఉండాలి, ఒకటి మీ దగ్గర, ఒకటి వేరే ఊళ్ళో ఉన్నవాళ్ళ దగ్గర హార్డ్ డిస్కులో, ఒకటి క్లౌడ్‌లో. పెన్ డ్రైవ్ ఒక్కదాన్నే నమ్మొద్దు. కాగితం మీద కూడా ఒకటి అచ్చు తీయించండి, నాయనమ్మకి చదివి వినిపించడానికి అదే పనికొచ్చింది.

సంవత్సరీకం ఇవన్నీ చూపించడానికి మంచి రోజు, అందరూ ఎలాగూ వస్తారు. మొదటి సంవత్సరీకానికి మేం పెరట్లో తాడు కట్టి బోర్డుల ఫోటోలు బట్టల క్లిప్పులతో తగిలించాం, కింద ఖాళీ కాగితాలూ పెన్సిళ్ళూ పెట్టాం, ఏదైనా గుర్తొస్తే రాయమని. ఫోటో చూసి జనం చెప్పినంత మేం ఇంటింటికీ తిరిగినా వినలేదు. భోజనాలయ్యాక నాయనమ్మ ఆ జేగురు చిప్ప తెమ్మంది. వేళ్ళు నీళ్ళలో ముంచి చిప్పలోకి చిలకరించింది, ఒక్క నిమిషం ఏమీ కాలేదు, తరవాత పెచ్చుల అంచులు మెత్తబడి ఎర్రగా లేచాయి. మా అక్క సన్న కుంచెతో పిల్లలందరికీ గడియారాలు వేసింది, ఒక్కొక్కర్నీ టైము అడిగి మరీ.

మీ ఇంట్లోనూ ఇలా చేస్తే ఒక్క జాగ్రత్త. జేగురు మట్టి రంగు కాబట్టి చేతికి వేశాం. మిగతా చిప్పలు పిల్లలకి అందనివ్వకండి, ఇంగిలీకంలో పాదరసం ఉంటుంది, హరిదళంలో పాషాణం (ఆర్సెనిక్ విషం) ఉంటుంది, ముట్టుకుంటే చేతులు సబ్బుతో కడుక్కోవాలి. మా ఇంట్లో అవి మూత పెట్టి, గుడ్డ కట్టి, పేర్లు మూడు లిపుల్లో రాసి పై అరలో ఉన్నాయి.